ఫ్యాక్టరీలో సైకాలజిస్టుకు పనేముంటుంది?

హన్మకొండలో ఎం.ఏ. సైకాలజీ చేస్తున్నాను, ఇండస్ట్రీలో ఉద్యోగం దొరుకుతుందా, దొరికితే ఏం చేయాలి అని ఒకరు అడిగారు. దొరుకుతుంది, కాకపోతే ఆ పేరుతో దొరకదు. నేను వరంగల్ దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో చేరినప్పుడు నా ఐడీ కార్డు మీద హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్ అనే ఉండేది. మా మేనత్తకు మాత్రం నేను ఇప్పటికీ పిచ్చోళ్ల డాక్టరమ్మనే. చెప్పి చెప్పి ఊరుకున్నాను.

అక్కడ రాత్రి షిఫ్టుకూ పొద్దుటి షిఫ్టుకూ అస్సలు పడేది కాదు. వీళ్ల మీద వాళ్లు, వాళ్ల మీద వీళ్లు ఫిర్యాదులు. మేనేజర్ గారు నన్ను పిలిచి, "అందరికీ ఒక పర్సనాలిటీ టెస్టు పెట్టండి మేడం, ఎవరి ఆటిట్యూడ్ బాగాలేదో తేలిపోతుంది" అన్నారు. ఈ టెస్టుల పిచ్చి ఎవరు అంటించారో గానీ, ఆ ఫారంలో పార్టీలకు వెళ్లడం మీకిష్టమా లాంటి ప్రశ్నలుంటాయి. రాత్రంతా నూలు వడికే రింగ్ ఫ్రేమ్ ముందు నిలబడ్డ మనిషిని అడగాల్సిన మాటేనా అది? ఫారాలు పంచుతుంటే ఒక పెద్దావిడ అంది: "కాయిదాలు తర్వాత గానీ మేడం, రేపు పొద్దుగాల ఆరు కొట్టకముందు ఈడికొచ్చి నిలవడున్రి. మీకే ఎరుకైతది."

వెళ్లి నిలబడ్డాను. నూలు చుట్టుకునే బాబిన్లు నిండిపోయాయి, డాఫింగ్ చేయాలి, అంటే నిండినవి తీసి ఖాళీవి పెట్టాలి. చేయాలంటే ఫ్రేమ్ ఆపాలి. ఆపితే ఎంత పొడవు నూలు వచ్చిందో హ్యాంకుల్లో లెక్కపెట్టే హ్యాంక్ మీటర్ తిరగదు, ఆ షిఫ్టు లెక్కలో ఉత్పత్తి తగ్గుతుంది. అందుకని రాత్రివాళ్లు ఆరు దాకా ఎలాగోలా లాగించి వెళ్లిపోయేవారు. వచ్చినవాళ్లు రాగానే ఫ్రేమ్ ఆపి, బాబిన్లు మార్చి, మళ్లీ నడిపించగానే తెగిన దారాలన్నీ అతుక్కుంటూ కూర్చోవాలి. ఇందులో ఆటిట్యూడ్ ఎక్కడుంది? గొడవంతా మీటరుది.

ఒక షిఫ్టు వదిలేసిన పని తర్వాతి షిఫ్టు మీద పడడం బొగ్గు గనుల్లోనూ జరిగింది. పొడవాటి గోడలా ఉన్న బొగ్గును వరుసగా కోసుకుపోయే లాంగ్‌వాల్ అంటే మన గోదావరిఖని వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు, అడ్రియాల గని ఉంది కదా. 1951లో ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫోర్త్ అనే పరిశోధకులు 'హ్యూమన్ రిలేషన్స్' పత్రికలో రాసిన పేపరు బ్రిటన్ బొగ్గు గనుల్లో ఆ పద్ధతి గురించే. అంతకు ముందు ఇద్దరు ముగ్గురు తమకు నచ్చినవాళ్లతో జట్టు కట్టి మొదటి నుంచి చివరి దాకా పని చేసుకునేవారు. లాంగ్‌వాల్ వచ్చాక పనిని మూడు షిఫ్టులకు ముక్కలు చేశారు. ముందు షిఫ్టువాళ్లు సరిగ్గా చేయనిదంతా చివర్లో బొగ్గు ఎత్తే ఫిల్లర్ల నెత్తిన పడేది. బామ్‌ఫోర్త్ స్వయంగా 18 ఏళ్లు గనిలో పనిచేసిన మనిషి, ఆ పేపరు బలమంతా అక్కడే ఉంది. తర్వాత 1953లో ఎ.కె. రైస్ అనే పరిశోధకుడు అదే పత్రికలో అహ్మదాబాద్ కాలికో మిల్స్ మగ్గాల షెడ్డు గురించి రాశారు. చిన్న చిన్న జట్లుగా చేసి మగ్గాలు అప్పగిస్తే ఉత్పత్తి పెరిగింది, గుడ్డ పాడవడం తగ్గింది. మన దేశపు మిల్లులో జరిగిన పని ఇది, మన సిలబస్‌లో మాత్రం అమెరికా హాథార్న్ ఫ్యాక్టరీకే పేజీలన్నీ.

నన్నడిగితే ఏ ఫ్యాక్టరీలో తగాదా అయినా షిఫ్టు మారే అరగంటలోనే పుడుతుంది. మూడు షిఫ్టుల హ్యాంకులూ కలిపి ఒకే లెక్క కట్టండని రిపోర్టు ఇచ్చాను. మేనేజర్ గారు ఒక్క వరుస ఫ్రేములకు ఒప్పుకున్నారు, ఆ వరుసలో ఫిర్యాదులు ఆగిపోయాయి. మిగతా వరుసలకు మోటివేషన్ స్పీకర్‌ను పిలిపించి చప్పట్లు కొట్టించారు. ఆ స్పీకర్‌కు ఇచ్చింది నా నెల జీతం కంటే ఎక్కువ!

క్లినికల్ వైపు వెళ్తే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ కావాలి, ఇండస్ట్రీలో ఆ గొడవ లేదు. జాబ్ సైట్లలో సైకాలజిస్ట్ అని కాకుండా ట్రైనింగ్, సేఫ్టీ, హెచ్‌ఆర్ అని వెతకండి. ఇంటర్వ్యూలో మిల్లు చూపిస్తామంటే మాత్రం మధ్యాహ్నం రెండింటికి, షిఫ్టు మారేటప్పుడు చూపించమని అడగండి.