రాజాం కుర్రాడికి, తుపాకీ వ్యాసం గురించి

విజయనగరం

బాబూ,

నీ వ్యాసం చదివాను. మొదటి మూడు పేజీలూ నీవి, మిగతావన్నీ డల్లాస్‌లో ఉన్న మీ బావగారివి. నగల కోసం ఒంటరి ముసలమ్మను చంపేసిన ఇంటి గురించి రాసినంతసేపూ చేయి తిరిగిన రాతే. పెరటి గడియ లోపల్నుంచి తీసి ఉండటం, పొయ్యి మీద ఇద్దరికి సరిపడా టీ మరిగిన గిన్నె, "కుక్క కూడా అరవలేదు నాయనా" అని పొరుగావిడ పదేపదే అనడం, ఇవన్నీ ఆ వీధిలోకి వెళ్లి నిలబడ్డవాడికే దొరుకుతాయి. ఆ వెంటనే "ఆమె దగ్గర ఒక పిస్తోలు ఉండి ఉంటే" అన్నావు. ఇక అక్కణ్నుంచి అమెరికా రాజ్యాంగం, తుపాకీ ఉంచుకునే హక్కు గురించి చెప్పే 1791 నాటి రెండో సవరణ, దాని మీద 2008లో వాళ్ల సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. రాజాంలో బయలుదేరిన వ్యాసం టెక్సాస్‌లో తేలింది.

జనం దగ్గర తుపాకులుంటే నేరాలు తగ్గుతాయని నువ్వు నమ్ముతున్నావు. నేను నమ్మను. నిన్ను నా దారికి తెచ్చుకోడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ నమ్మకాన్ని కాగితం మీద నిలబెట్టే తీరు గురించే నా మాటలన్నీ.

ముందుగా ఆ "ఉండి ఉంటే" సంగతి చూద్దాం. అలాంటి మాట రాశావంటే దాన్ని ఆ వంటింట్లోకి నడిపించుకుంటూ వెళ్లాలి. తుపాకీ ఎక్కడుంది? బీరువాలోనా, తలగడ కిందా? ఆమెకు లైసెన్సు ఎలా వచ్చింది? మన దేశంలో ఆయుధాల చట్టం 1959లో వచ్చింది, దాని కింద ఇప్పుడు నడుస్తున్నవి 2016 నాటి నియమాలు. కలెక్టరేట్‌లో దరఖాస్తు, పోలీసుల విచారణ, డాక్టరు సర్టిఫికెట్, ఆయుధం పట్టడం నేర్చుకున్నట్టు మరో సర్టిఫికెట్ కావాలి. ఇవన్నీ దాటుకుని ఆమె చేతికి వచ్చిందనే అనుకుందాం. మరి గడియ తీసిందెవరు? రెండో గ్లాసు టీ ఎవరికి? కుక్క ఎందుకు అరవలేదు? వచ్చినవాడు తెలిసినవాడు బాబూ. ఆమె లేచి టీ పెట్టిందే గానీ బీరువా వైపు వెళ్లలేదు. నువ్వు కళ్లారా చూసి రాసిన మూడు వివరాలూ నువ్వు నమ్మిన వాదానికి ఎదురు సాక్ష్యం చెబుతుంటే, వాటిని అక్కడే వదిలేసి ముందుకెళ్లిపోయావు. నీ వ్యాసంలో నాకు కనిపించిన పెద్ద లోపం ఇదొక్కటే. మిగతావి దిద్దుకోవచ్చు.

దేశం లెక్క కూడా ఆ వంటింటికి దగ్గరగానే ఉంటుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో 28,522 హత్య కేసులు నమోదయ్యాయి. కారణాల్లో అన్నిటికంటే పైన ఉన్నవి తగాదాలు, 9,962. డబ్బు, నగల లాంటి లాభం కోసం చేసినవి 1,884. అంటే నువ్వు రాసిన తరహా హత్యకు ఐదు రెట్లకు పైగా తగాదా హత్యలున్నాయి. గట్టు తగాదా, నీళ్ల తగాదా, తాగిన మైకంలో మాటా మాటా పెరగడం. మన రెండు జిల్లాల కోర్టుల్లో ఏ కేసు కట్ట విప్పినా గొడ్డలి, కత్తి, కర్ర, రోకలి, బండరాయి. ఆ క్షణంలో చేతికి ఏది అందితే అది.

తుపాకుల మీద ఏ దేశంలో ఏ చర్చ జరిగినా నేను ముందు వెతికేది ఇదే. కోపం ఎక్కడైనా ఒక్కలాగే వస్తుంది. శ్రీకాకుళంలో అన్నదమ్ముల మధ్య వచ్చే కోపానికీ షికాగోలో ఇద్దరు కుర్రాళ్ల మధ్య వచ్చే కోపానికీ తేడా ఏమీ ఉండదు. చేతికి కర్ర అందితే తల పగులుతుంది, రిమ్స్ ఆసుపత్రిలో కుట్లు పడతాయి, ఊరి పెద్దలు కూర్చుంటారు, కేసు 307 దగ్గర, అంటే హత్యాయత్నం దగ్గర ఆగుతుంది (ఇప్పుడు కొత్త న్యాయ సంహితలో 109 అనాలి, కానీ స్టేషన్లో ఇంకా అందరి నోటా మూడొందల ఏడే). తుపాకీ అందితే ఆ రాత్రే శవపంచనామా.

ఇంకో తప్పు. అమెరికాలో తుపాకీ చావులన్నిటినీ నేరాల ఖాతాలో రాసేశావు. అక్కడ 2021లో తుపాకీతో పోయినవాళ్లు 48,830 మంది. అందులో సగానికి పైగా ఆత్మహత్యలు. దొంగా లేడు, ఆత్మరక్షణా లేదు. బెడ్‌రూమ్ సొరుగులో ఉన్న వస్తువు ఒక చెడ్డ రాత్రి చేతికి అందింది, అంతే. ఇది అర్థం కావడానికి నువ్వు డల్లాస్ దాకా పోనక్కర్లేదు, మన ఇళ్లలో అటక మీద పురుగుమందు డబ్బా ఉంటుంది కదా. శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వచ్చారు. 1995 తర్వాత అక్కడ ఆత్మహత్యల రేటు సగానికి పైగా పడిపోయింది. అప్పులూ పోలేదు, బాధలూ పోలేదు. అంత ప్రమాదకరమైనది ఆ గంటలో చేతికి అందలేదు. ఆ గంట గడిస్తే మనిషి చాలావరకు మిగులుతాడు. ఈ పేరా నీ వ్యాసంలో ఉండి తీరాలి. నీ వాదానికి అడ్డం వస్తుందని తెలిసీ రాయాలి.

ఇప్పుడు నీ పక్షానికి నేనే సాక్ష్యం ఇస్తాను. నీ బలమైన వాదం అమెరికాలో లేదు, మన కొండల్లో ఉంది. 1967 అక్టోబర్ 31న గిరిజనులు మొండెంఖల్లులో తమ సంఘం సభకు నడిచి వెళుతుంటే లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అక్కడే పోయారు. అప్పట్లో అది శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం. కేసు కోర్టులో నిలవలేదు. ఆ తర్వాత కొండల్లో ఏం జరిగిందో మీ తాతగారి వయసు వాళ్లనడుగు. ఇంకా వెనక్కి వెళ్తే 1878 నాటి ఆయుధాల చట్టం. తెల్లదొరలకు మినహాయింపు, మనవాళ్లకు లైసెన్సు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడింది తుపాకుల కోసమే. నియంత్రణ అని రాసిన ప్రతిచోటా ఎవరి తుపాకీకి నియంత్రణ, ఎవరి తుపాకీకి మినహాయింపు అని అడగాలి. 2010 జులై 14న సోంపేటలో బీల అనే చిత్తడి భూముల కోసం నిలబడ్డ జనం మీద పేలినవి పోలీసు తుపాకులు, వాటికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. ఇన్ని సంగతులు ఇంటి పక్కనే పెట్టుకుని నువ్వు టెక్సాస్ పోయావు!

అయితే లేవిడిని వాడుకున్నావంటే పూర్తిగా వాడుకో. ఆ రోజు తుపాకీ ఉన్నది భూమి ఉన్నవాడి దగ్గర. తుపాకులు దొరికే చోట ముందుగా కొనుక్కునేది డబ్బున్నవాడే. తర్వాత గిరిజనులు కూడా ఆయుధం పట్టారు. రెండు మూడేళ్లు తిరిగేసరికి ఆ కొండల్లో ఎన్‌కౌంటర్ల పరంపర. వాళ్లు పట్టకుండా ఉండాల్సిందని సోఫాలో కూర్చుని తీర్పు చెప్పడం నాకు చేతకాదు. పట్టడం వల్ల బలహీనుడు బతికిపోయాడని చెప్పడం కూడా అంతే కష్టం. రెండూ రాయి. చదివేవాడు కాస్త ఇబ్బంది పడనీ.

గాంధీ వాక్యం గురించి కూడా చెప్పాలి. జాతి మొత్తాన్ని నిరాయుధం చేసిన చట్టం బ్రిటిష్ పాలన చేసిన పాపాల్లో నల్లనిదని ఆయన అన్నాడని నువ్వు రాశావు. అన్నాడు, నిజమే. అమెరికాలో తుపాకీ వాదులకు కూడా అది చాలా ఇష్టమైన మాట, మీ బావగారికి అది ఎక్కడ దొరికిందో ఊహించగలను. కానీ అది 1918లో ఖేడా ప్రాంతంలో బ్రిటిష్ సైన్యంలోకి మనుషులను చేర్చుకోడానికి ఆయన రాసిన కరపత్రంలోది. యుద్ధంలో సాయం చేస్తే ఆ చట్టం రద్దు చేయించుకోవచ్చని ఆయన ఆశ. ఆ మాట నువ్వు వాడుకోవచ్చు, కానీ వెనకాలున్న రిక్రూట్‌మెంట్ సంగతి దాచకూడదు. ఏ వాక్యాన్నీ దాని పేజీ చదవకుండా ఎత్తి తేకు.

అంకెల దగ్గర కూడా అంతే. 1996లో ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఆర్థర్‌లో ఒకే మనిషి 35 మందిని చంపితే, రెండు వారాలు తిరక్కుండానే అక్కడి ప్రభుత్వాలు ఒప్పందానికి వచ్చి ఆరు లక్షలకు పైగా తుపాకులను డబ్బిచ్చి వెనక్కి తీసుకున్నాయి. నీకిది నచ్చదు, అందుకే రాయలేదు. 1990ల మొదటి నుంచి 2010ల మధ్య దాకా అమెరికాలో తుపాకులు పెరుగుతూ పోయినా హత్యల రేటు సుమారు సగానికి తగ్గింది. ఇది నాకు నచ్చదు, అయినా రాస్తున్నాను. మెక్సికోలో చట్టం మహా కఠినం, హత్యలు మాత్రం విపరీతం, తుపాకుల్లో చాలా భాగం అమెరికా సరిహద్దు దాటి వచ్చినవి. దీన్ని నువ్వూ వాడుకోవచ్చు, నేనూ వాడుకోవచ్చు. జేబులో తుపాకీ పెట్టుకు తిరిగే అనుమతి వల్ల నేరాలు తగ్గాయా పెరిగాయా అన్నదాని మీద 2004లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి కమిటీ ఉన్న ఆధారాలన్నీ తిరగేసి ఎటూ తేల్చలేమంది. తేలకపోవడానికి ఒక కారణం కూడా ఉంది. 1996లో వాళ్ల కాంగ్రెస్ పెట్టిన షరతు వల్ల ప్రభుత్వ డబ్బుతో తుపాకీ గాయాల మీద పరిశోధన ఇరవై ఏళ్లకు పైగా దాదాపు ఆగిపోయింది. లెక్క కట్టనివ్వకుండా లెక్క లేదనడం మన ఊళ్లో భూమి సర్వేల దగ్గర కూడా చూస్తుంటాం.

తుపాకీ గురించి రాసేవాడు తుపాకీని ఒకసారైనా దగ్గర్నుంచి చూసి ఉండాలి. సినిమా తుపాకీ లెక్కలోకి రాదు. సాలూరు కొండల్లో ఒక పెద్దాయన నాటు తుపాకీ ఎలా కూరతారో నాకు చేతులతో చేసి చూపించాడు. తుపాకీ అప్పటికే స్టేషన్లో అప్పగించేశాడు, చేతిలో ఉన్నది చేతికర్ర. గొట్టం మూతిలోంచి మందు పోసినట్టు, పీచు కుక్కి ఊచతో దట్టించినట్టు, పైన రవ్వలు, మళ్లీ పీచు. ఆ మునివేళ్లు ఎంత మెల్లగా కదిలాయంటే నాకు పత్తి ఒత్తులు చేసే మా అమ్మ గుర్తొచ్చింది. "ఓపాలి పేలిందంటే మళ్లీ కూరేసరికి సుట్ట ఒకటి అయిపోద్ది బావూ, ఈలోగా పంది కొండెక్కేస్తాది" అన్నాడు. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు, గొట్టం పగిలి పోయినవి. నీ వ్యాసం చివర్లో "కొండ జనం నాటు తుపాకులతో ధడధడా కాల్చుకుంటూ" అని రాశావే, ఆ వాక్యం కొట్టెయ్.

ఆ తుపాకీకి చట్టంలో చోటుందన్న సంగతి నీకు పనికొస్తుంది. పంట కాపాడుకోడానికి మూతి నుంచి కూరే తుపాకీకి, ఆత్మరక్షణకో వేటకో ఇరవై అంగుళాలకు తగ్గని నున్నని గొట్టపు తుపాకీకి లైసెన్సు ఇవ్వడం గురించి పదమూడో సెక్షన్‌లో విడిగా రాసి ఉంది. అంటే చట్టం రాసినవాళ్లకు రైతు గుర్తున్నాడు. ఇప్పుడు ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంటి భయం ఉంది, సీతంపేట వైపు ఏనుగుల భయం. ఆ రెండింటినీ వన్యప్రాణి చట్టం కాపాడుతుంది, రైతు చేతిలో మిగిలేది డప్పూ టపాసులూ. వజ్రపుకొత్తూరు వైపు వెళ్లి, తెల్లవారకముందే జీడిపిక్కలు ఏరడానికి బయల్దేరే ఆడవాళ్లను తుపాకీ కావాలా అని అడుగు. కావాలని ఎందరంటారో, వీధిలైటు చాలని ఎందరంటారో నాకైతే తెలుసుకోవాలని ఉంది. రెండో సవరణ మీద ఇరవై పేజీల కంటే ఆ జవాబులు నేను ముందు చదువుతాను.

లైసెన్సు విషయంలో నా పక్షం కూడా దాచను. కట్టుదిట్టంగానే ఉండాలంటాను. 2019 సవరణలో మనిషికి మూడు తుపాకుల బదులు రెండే అన్నారు, పెళ్లిళ్లలో సరదాగా గాల్లోకి కాలిస్తే రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, లేకపోతే రెండూ అన్నారు. ఈ రెండోది ఉత్తరాది పెళ్లిళ్ల గొడవ, మన దగ్గర సీమటపాకాయలతో సరిపోతుంది. అయినా మంచిదే అనుకుంటాను.

మళ్లీ రాయడానికి కూర్చునే ముందు జిల్లా కోర్టులో రెండు రోజులు గడుపు. సెషన్స్ కేసుల్లో వాదనలు వెనక బెంచీలోంచి వినొచ్చు, ఎవరూ వద్దనరు. పీపీ గారు, అంటే ప్రభుత్వ వకీలు, సాక్షిని అడిగే మొదటి ప్రశ్నలు జాగ్రత్తగా విను. దెబ్బ ఎవరు కొట్టారన్న దానికంటే ముందు ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎంత దూరం, వెలుతురుందా, చేతిలో ఏముంది అని అడుగుతారు. నీ వ్యాసంలో ఒక్క హత్యకైనా ఆ నాలుగు ప్రశ్నలకూ జవాబుందా చూసుకో. ఆ ముసలమ్మ కేసులో ఛార్జిషీటు పడ్డాక నకలు కోసం ప్రయత్నించు. అందాకా "దొంగలు" అని బహువచనంలో రాయకు. నీ దగ్గర ఉన్నది వచ్చినవాడి ఒక్క గ్లాసు టీకే సాక్ష్యం.

ఇంకొక్కటి, ఇది అన్నిటికంటే ముందు చెయ్యి. ఆమె పేరు, ఇంటిపేరు, వీధి పేరు, కోడలి మీద ఊళ్లో వాళ్ల అనుమానం, అన్నీ ఉన్నవున్నట్టు రాసేశావు. ఆ కోడలు రేపు అదే వీధిలో కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడాలి. పేర్లు తీసెయ్, అనుమానం పూర్తిగా తీసెయ్. తీసేశాకే ఇంకెవరికైనా చూపించు, మీ బావగారికి కూడా.

మీ మాస్టారు