శ్రావణీ, కోడి దగ్గర మొదలుపెట్టు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

కరోనా వైరస్‌ల వర్గీకరణ మీద పీహెచ్‌డీలో చేరావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. విజయవాడలో చుట్టాలంతా "ఇంకా కరోనా ఏంటమ్మా, అయిపోయిందిగా" అంటున్నారట. అననీ. మాలాంటి కోళ్ల డాక్టర్లకు అది ఎప్పుడూ అయిపోలేదు. మనుషుల్లో ఈ వైరస్‌లు బయటపడింది 1960లలో. కోడిపిల్లల్లో వచ్చే ఐబీ, అదే ఇన్‌ఫెక్షియస్ బ్రాంకైటిస్ గురించి అమెరికాలో 1931లోనే రాశారు. అదీ కరోనా వైరస్ తెచ్చే జబ్బే. కాబట్టి నా మాట విని కోడి దగ్గరే మొదలుపెట్టు.

కోవిడ్ తెచ్చే సార్స్-కోవ్-2ని పెంచాలంటే బీఎస్ఎల్-3, అంటే కట్టుదిట్టమైన భద్రత ఉన్న ల్యాబ్ ఉండాలి. ఐబీ వైరస్ మనుషులకు సోకదు, కోడిగుడ్డులో చక్కగా పెరుగుతుంది. గుడ్లలో దేశానికే ముందున్న రాష్ట్రం మనది, ఫారాలకు కొదవ లేదు. తొమ్మిది పది రోజుల పిండం ఉన్న గుడ్డులోకి వైరస్ ఎక్కించి, కొన్ని పాసేజ్‌లు (ఒక గుడ్డులో పెరిగిన వైరస్‌ని ఇంకో గుడ్డులోకి ఎక్కించడం) అయ్యాక పగలగొట్టి చూడు. వైరస్ ఎక్కించని పక్క గుడ్డులో పిల్ల నిండుగా ఎదిగి ఉంటుంది. ఇందులోది గిడసబారి, చుట్ట చుట్టుకుని, కాళ్లు తలమీదికి ముడుచుకుని కనిపిస్తుంది. కంప్యూటర్‌లో ఎన్ని సీక్వెన్సులు చూసినా అది ఒక్కసారైనా చేత్తో పట్టుకుని చూడాలి. ఈ కాలం పిల్లలు చాలామంది చూడకుండానే డాక్టరేట్లు తీసుకుంటున్నారు, నాకది నచ్చదు.

ఇక వర్గీకరణ. ఆల్ఫా, బీటా, గామా, డెల్టా అని నాలుగు ప్రజాతులున్నాయని, మొదటి రెండూ క్షీరదాల్లో, తక్కిన రెండూ ఎక్కువగా పక్షుల్లో ఉంటాయని నీకు తెలిసిందే. (కోవిడ్ రోజుల్లో విన్న ఆల్ఫా, డెల్టా వేరియంట్లకూ వీటికీ సంబంధం లేదు. సెమినార్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, జవాబు సిద్ధంగా పెట్టుకో.) అసలు చూడాల్సింది, దేన్నిబట్టి విడగొడుతున్నామన్నది. అందరి కళ్లూ స్పైక్ మీదే, అంటే వైరస్ కణాన్ని పట్టుకునే పైముల్లు మీదే ఉంటాయి. కానీ స్పైక్ చొక్కా లాంటిది, చొక్కా చూసి ఇంటిపేరు చెప్పలేం. మనుషుల్లో జలుబు తెచ్చే ఎన్ఎల్63 ఆల్ఫా, సార్స్ బీటా. అయినా రెండూ కణం మీదుండే ఏసీఈ2 అనే ప్రొటీన్‌నే పట్టుకుని లోపలికి దూరతాయి. మెర్స్ కూడా బీటానే, అది పట్టుకునేది మాత్రం డీపీపీ4 అనే వేరే ప్రొటీన్‌ని. పందుల్లో ఇంకా విచిత్రం జరిగింది. పేగుల్లో విరేచనాలు తెచ్చే టీజీఈవీ అనే వైరస్ స్పైక్ జన్యువులో ఒక ముక్క పోగొట్టుకుంది. దాంతో పేగులు వదిలేసి ఊపిరితిత్తులకు మారింది. దాన్ని 1980లలో యూరప్‌లో గుర్తించారు. జబ్బు తీరే మారిపోయింది కానీ జాతి మాత్రం అదే.

అందుకే వైరస్ జాతులకు అధికారికంగా పేర్లు పెట్టే ఐసీటీవీ, జాతి తేల్చడానికి రెప్లికేజ్ వైపు చూస్తుంది. వైరస్ తనను తాను కాపీ చేసుకునే యంత్రాంగం అది. దాదాపు 30 వేల అక్షరాల జీనోమ్‌లో మూడింట రెండొంతులు దానిదే. అందులో పెద్దగా మారని భాగాల్లో అమైనో ఆమ్లాల పోలిక 90 శాతం దాటితే ఒకే జాతి కింద లెక్క. 2020 ఫిబ్రవరిలో వూహాన్ వైరస్‌ను కొత్త జాతి అనకుండా, 2003 నాటి సార్స్ ఉన్న జాతిలోనే పెట్టింది ఈ లెక్కతోనే.

అలాగని స్పైక్‌ని పక్కన పడెయ్యకు. ఒక జాతి లోపలికి దిగాక కావాల్సింది అదే. ఒక ఐబీ టీకా ఇంకో రకం ఐబీని సరిగ్గా ఆపలేకపోతోందంటే చాలావరకు తేడా స్పైక్‌లోని ఎస్1 భాగంలో ఉంటుంది. 2016లో ఐబీ వైరస్‌లను ఆరు జీనోటైపులుగా, 32 శాఖలుగా విడగొట్టింది ఎస్1 ఆధారంగానే. నువ్వు వైరస్‌ల చుట్టరికం చూపే చెట్లు రెండు గియ్యి, రెప్లికేజ్‌తో ఒకటి, ఎస్1తో ఒకటి. ఒక వైరస్ ఈ చెట్టులో ఒక కొమ్మ మీద, ఆ చెట్టులో ఇంకో కొమ్మ మీద కూర్చుంటే టెన్షన్ పడి దాన్ని తీసెయ్యకు. సీక్వెన్స్‌లో తప్పు లేదని, శాంపిల్‌లో రెండు వైరస్‌లు కలిసి లేవని ముందు తేల్చుకో. అప్పటికీ అలాగే ఉంటే రీకాంబినేషన్, అంటే రెండు వైరస్‌ల జన్యు ముక్కలు ఒకదాంట్లో కలిసిపోవడం, జరిగి ఉంటుంది. నీ థీసిస్ అక్కడుంది.

ఫారాలకు వెళ్లినప్పుడు ఒకటి గుర్తుపెట్టుకో. ఐబీకి లైవ్ వ్యాక్సిన్ వేస్తారు, అది వేశాక వారాలపాటు స్వాబ్‌లో టీకా వైరసే దొరకొచ్చు. అది తెలియక "కొత్త రకం కనుగొన్నాం" అని రాస్తే నలుగురిలో నవ్వులపాలవుతావు. ఏ టీకా, ఏ రోజు, నీళ్లలో పట్టారా కంట్లో వేశారా, అన్నీ రాసుకో. రైతు నోటిమాట చాలదు, సీసా లేబుల్ కూడా ఫొటో తీసుకో. కోళ్లు రాత్రిపూట గురకపెడుతున్నాయా, గుడ్ల పెంకు ముడతలు పడుతోందా, పగలగొడితే తెల్లసొన నీళ్లలా జారిపోతోందా అని అడుగు. గురక కొక్కెర తెగులులోనూ ఉంటుంది, కాబట్టి దానికి కూడా టెస్ట్ చెయ్యి. ఫారం పేరు ఎక్కడా బయటపెట్టనని ముందే మాటివ్వు. జబ్బు ఉందని ఊళ్లో పాకితే గుడ్లు కొనేవాడు ధర తెగ్గొడతాడు, ఆ తర్వాత ఆ రైతు నిన్ను గేటు దాటనివ్వడు. ఒక ఫారం నుంచి తిన్నగా ఇంకో ఫారానికి వెళ్లకు. ఇంటికొచ్చి స్నానం చేసి, చెప్పులతో సహా మార్చుకుని మరునాడు వెళ్లు.

మొదటి చెట్లు రెండూ రాగానే ప్రింట్ తీసి పంపు. వాట్సాప్‌లో వద్దు, కొమ్మల మీద అంకెలు నాకు కనపడవు.

మీ పెదనాన్న