గ్రాఫిక్స్ కార్డు మీద ఊడిపోయిన ముక్కల గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన జీటీఎక్స్ 1060 ఫొటోలను పెద్దవి చేసుకుని చూశాను. స్లాట్‌లో పెట్టేటప్పుడు క్యాబినెట్ అంచుకు రాసుకుని వెనుకవైపు అతికించి ఉన్న చిన్న ఎలక్ట్రానిక్ ముక్కలు ఊడాయనీ, డిస్‌ప్లే వస్తోంది గానీ కార్డు వివరాలు చూపే ప్రోగ్రామ్ జీపీయూ-జెడ్‌లో ఎక్స్16 (పదహారు డేటా దారులు) ఉండాల్సిన చోట ఎక్స్8 (ఎనిమిదే) కనిపిస్తోందనీ రాశావు. కార్డు జబ్బు ఏమిటో సగం అక్కడే తెలిసిపోయింది. అందుకే సోల్డరింగ్ ఐరన్ జోలికి పోకముందే, ఖాళీగా ఉన్న ఒక్కో చోట అసలు ఏముండేదో, అది ఏ పని చేసేదో తేల్చుకోమని చెబుతున్నాను.

ఖాళీ ప్యాడ్లన్నీ, అంటే ముక్కలను అతికించే చిన్న లోహపు మచ్చలన్నీ, ఊడిన చోట్లు కావు. ఒకే బోర్డును రెండు మూడు మోడళ్లకు వాడతారు కనుక కొన్నిచోట్ల కంపెనీయే ముక్కలు పెట్టకుండా వదిలేస్తుంది. అలాంటి ప్యాడ్ మీద టంకం నున్నగా, గుండ్రంగా, మెరుస్తూ ఉంటుంది. దెబ్బ తగిలి ఊడిన చోట టంకం గరుకుగా విరిగి, ఒక్కోసారి కెపాసిటర్ చివరి లోహపు తొడుగు అక్కడే అతుక్కుని ఉంటుంది, లేదా ప్యాడే లేచిపోయి కింద పసుపుపచ్చ ఫైబర్ బయటపడుతుంది. భూతద్దం కింద చూస్తే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. కార్డును నడిపే ప్రోగ్రామ్ ఉండే బయోస్ చిప్ పక్కన నువ్వు గుర్తు పెట్టిన రెండు ఖాళీలు నా కంటికి కంపెనీ వదిలేసినవిగానే కనిపిస్తున్నాయి. అక్కడ ఉండే చిన్న రెసిస్టర్లు మెమరీ రకం వంటి వివరాలను చిప్‌కు తెలిపేవి కావచ్చు కాబట్టి, ఊహించి ఏదో ఒక విలువ అతికిస్తే బాగున్న కార్డు పాడవుతుంది. వాటిని ముట్టుకోవద్దు.

ఇక ఎక్స్8 సంగతి. బంగారు పూత కాంటాక్టులకు కాస్త పైన వరుసగా కనిపించే చిన్న కెపాసిటర్లు కార్డు నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే సిగ్నల్ లైన్లలో ఉంటాయి. ఒక్కో లేన్‌కు (డేటా దారికి) రెండు చొప్పున పదహారు లేన్లకు ముప్పై రెండు. జంటలో ఒక్కటి పోయినా ఆ లేన్ పనిచేయదు. మొదటి లేన్ స్లాట్ గాడి పక్కనే మొదలవుతుంది. అక్కడ ఊడితే సాధారణంగా కార్డును సిస్టమ్ గుర్తించనే గుర్తించదు. నీకు ఊడినవి గాడికి దూరంగా ఉన్న చివర, అంటే రెండో సగం లేన్లలో ఉన్నాయి కనుకే కార్డు ఎనిమిది లేన్లతో సర్దుకుంటోంది. నిజం చెప్పాలంటే, ఈ కార్డుకు ఎక్స్8 వల్ల ఆటల్లో వచ్చే తేడా చాలా స్వల్పం. చేయి ఇంకా కుదురుకోలేదనిపిస్తే అలాగే వాడుకోవడం తప్పేమీ కాదు.

బాగుచేయాలనే అనుకుంటే, ఈ తరం కార్డులకు అక్కడ వాడేది సాధారణంగా 0.22 మైక్రోఫారడ్ కెపాసిటర్. కెపాసిటర్ల మీద విలువ రాసి ఉండదు కాబట్టి, పీసీఐఈ 3.0 (ఈ కార్డు వాడే స్లాట్ ప్రమాణం) స్క్రాప్ కార్డు ఒకటి సంపాదించి సరిగ్గా అదే వరుసలోంచి తీసుకో. సైజు కూడా సరిపోవాలి. 0402 అంటే పొడవు ఒక మిల్లీమీటరు, వెడల్పు అర మిల్లీమీటరు. కోర్, అంటే కార్డు ప్రధాన చిప్, వెనుక ఊడిన ఒక్క కెపాసిటర్ గురించి కంగారు పడకు. అలాంటివి అక్కడ పదుల సంఖ్యలో సమాంతరంగా ఉంటాయి. అయితే ఆ రెండు ప్యాడ్లూ ఒకదానికొకటి తగలడం లేదని మాత్రం చూసుకో. 12 వోల్టుల లైన్‌లో ఎప్పుడైనా కెపాసిటర్ మార్చాల్సి వస్తే, కోర్ దగ్గరి తక్కువ వోల్టేజీ కెపాసిటర్‌ను అక్కడ పెట్టకు, అది షార్ట్ అయి బోర్డునే కాల్చేస్తుంది.

అతికించేటప్పుడు ముందుగా ప్యాడ్ల మీద ఫ్లక్స్ (టంకం బాగా పట్టేలా చేసే పదార్థం) వేసి, 63/37 (తగరం, సీసం) టంకంతో పాత టంకాన్ని కలిపి, విక్‌తో (టంకాన్ని పీల్చుకునే రాగి అల్లికతో) శుభ్రం చెయ్యి. సీసం లేని టంకం దాదాపు 217 డిగ్రీల దగ్గర కరిగితే ఇది 183 దగ్గరే కరుగుతుంది కనుక బోర్డుకు శ్రమ తగ్గుతుంది. ఆ తర్వాత రెండు ప్యాడ్లకూ పలచగా టంకం పట్టించి, కెపాసిటర్‌ను ట్వీజర్లతో ఉంచి, హాట్ ఎయిర్‌ను తక్కువ గాలితో పైనుంచి నెమ్మదిగా దించు. గాలి ఎక్కువైతే పక్క ముక్కలు కూడా ఎగిరిపోతాయి. టంకం కరగగానే ముక్క తనంతట తాను ప్యాడ్ల మధ్యకు జరిగి కూర్చుంటుంది, దాన్ని నొక్కవద్దు. ప్యాడ్ లేచిపోయిన చోట లైన్ మీది మాస్క్‌ను (పైపూతను) కొద్దిగా గీకి రాగిని బయటపెట్టి అతికించవచ్చు గానీ, ఈ సిగ్నళ్ల వేగానికి పొడవాటి జంపర్ వైరు పనికిరాదు.

పవర్ ఇచ్చే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఫ్లక్స్ తుడిచి, మల్టీమీటరుతో 12 వోల్టుల లైన్ గ్రౌండ్‌కు షార్ట్ కాలేదని చూడు. కోర్ లైన్ మీద రెసిస్టెన్స్ చాలా తక్కువగా చూపి మీటరు బీప్ కొట్టినా అది షార్టేనని నిర్ణయించుకోకు, ఈ చిప్‌లకు అది మామూలే. సిస్టమ్ ఆన్ అయ్యాక జీపీయూ-జెడ్‌లో రెండర్ టెస్ట్ నడుపుతూ బస్ వివరాలు చూడు, ఎందుకంటే కార్డు ఖాళీగా ఉన్నప్పుడు లింకు వేగం తగ్గించి చూపిస్తుంది. అప్పటికీ ఎక్స్8 దగ్గరే ఆగితే మళ్లీ వేడి చేయకుండా, కాంటాక్టులు తుడిచి, ఆ వరుసను దగ్గరగా ఫొటో తీసి నాకు పంపు.

మీ మామయ్య