కొత్త బుష్‌లు ఏడాది తిరక్కుండానే ఎందుకు పోతాయి?

ప్రశ్న: మాది 2009 మోడల్ స్విఫ్ట్. నిరుడు ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు రెండు వైపులా మార్పించాను. మళ్ళీ స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు టక్కుమంటోంది, బ్రేక్ వేస్తే బండి ఎడమకి లాగుతోంది. అలైన్‌మెంట్ చేయించినా తేడా లేదు. నాసిరకం బుష్‌లు వేశారంటారా?
– ఓ పాఠకుడు, గాజువాక

జవాబు: కావచ్చు. కానీ ముందు అనుమానించాల్సింది బోల్టు బిగించిన తీరుని. లోయర్ ఆర్మ్ అంటే చక్రాన్ని బండి ఫ్రేమ్‌కి కలిపే ఇనుప చేయి, అది ఫ్రేమ్‌కి తగులుకునే చోట ఉండేదే బుష్. ఈ బుష్‌లో లోపల ఇనుప గొట్టం, బయట ఇనుప రింగు, మధ్యలో రెంటికీ అతికిన రబ్బరు ఉంటాయి. బోల్టు బిగిశాక గొట్టం కదలదు. ఆర్మ్ పైకీ కిందికీ ఊగినప్పుడల్లా రబ్బరే మెలితిరిగి వెనక్కి వస్తుంది. బండి జాకీ మీదుండి చక్రం వేలాడుతున్నప్పుడే బోల్టు పూర్తిగా బిగించేస్తే, కిందికి దించగానే రబ్బరు మెలిపడిపోతుంది. బండి ఊరికే నిలబడి ఉన్నా ఆ మెలిక అలాగే ఉంటుంది. దాని మీద గతుకులు తోడైతే ఏ కంపెనీ రబ్బరైనా చిరుగుతుంది. చాలా షెడ్లలో జరిగే పొరపాటు ఇదే.

మళ్ళీ విప్పించే ముందు లోపం బుష్‌దేనని తేల్చుకోండి. చదునైన చోట ఒకరు బండిలో కూర్చుని మొదటి గేరులో జానెడు కదిలించి బ్రేక్ వేయాలి, తర్వాత రివర్స్‌లో అలాగే. ఇంకొకరు బండికి ఎదురుగా కాకుండా పక్కన, దూరంగా నిలబడి ముందు చక్రాన్ని చూడాలి. చక్రం మడ్‌గార్డు లోపల ముందుకీ వెనక్కీ జరుగుతుంటే బుష్ పోయినట్టే. తర్వాత బండిని స్టాండ్ల మీద నిలిపి (ఒక్క జాకీని నమ్మి కిందికి దూరొద్దు) ఆర్మ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య పొడవాటి రాడ్డు పెట్టి తోయండి. రబ్బరు కాస్త సాగడం మామూలే. పైపైన సన్నటి పగుళ్ళకీ కంగారు పడక్కర్లేదు. రబ్బరు గొట్టం నుంచి విడిపోయినా, ఇనుముకి ఇనుము తగిలినా మార్చాల్సిందే. చిన్న గతుకుల మీద కటకటమని వరసగా శబ్దం వస్తే మాత్రం ముందు లింక్ రాడ్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీని చక్రం వైపుకి కలిపే చిన్న రాడ్డు) చూడండి. బ్రేక్ క్యాలిపర్ (బ్రేక్ ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) పట్టేసినా బండి ఒక పక్కకి లాగుతుంది. కాసేపు నడిపాక ఆ చక్రం రెండోదానికన్నా బాగా వేడెక్కుతుంది.

మన విశాఖ ఉప్పుగాలికి పాత బోల్టు గొట్టంలోనే తుప్పుతో పట్టేసి ఉంటుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచాలి. అప్పటికీ రాకపోతే కోయాల్సిందే కాబట్టి కొత్త బోల్టులు, నట్లు దగ్గర పెట్టుకోండి. పాత బుష్ తీయక ముందే అది కూర్చున్న దిశని ఆర్మ్ మీద గీత గీసి గుర్తుపెట్టాలి. ఆర్మ్‌కి వెనక వైపుండే బుష్ రబ్బరులో ఖాళీలుంటే, అవి పాతదానిలో ఎటున్నాయో కొత్తదానిలోనూ అటే రావాలి. సుత్తితో కొట్టి దించితే రింగు వంకరపోతుంది, హైడ్రాలిక్ ప్రెస్ మీదే దింపించండి. జారడానికి సబ్బునీళ్ళు చాలు. గ్రీజు, ఇంజన్ ఆయిల్ రబ్బరుని ఉబ్బించి పాడుచేస్తాయి.

ఆర్మ్ ఎక్కించాక బోల్టులు చేత్తో తిప్పి వదిలి, చక్రాలు బిగించి, బండిని నేలమీదికి దించండి. రెండు మూడుసార్లు నొక్కి ఊపి, బరువంతా చక్రాల మీద ఉండగానే టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచి) కంపెనీ మాన్యువల్‌లో చెప్పిన లెక్కకి బిగించండి. కిందికి చేయి పట్టకపోతే ముందు చక్రాలు రెండూ ర్యాంపు ఎక్కించాలి. అలైన్‌మెంట్ ఆ తర్వాతే. బుష్ వదులుగా ఉండగా చేసిన అలైన్‌మెంట్ మొదటి బ్రేక్‌కే మారిపోతుంది.

బాల్ జాయింట్ (ఆర్మ్‌కి చక్రం వైపు చివరనుండే గుండ్రటి కీలు) కూడా వదులై ఆడుతుంటే విడి బుష్‌ల జోలికి పోకుండా ఆర్మ్ సెట్టే కొనండి, ప్రెస్ కూలీ కలిసొస్తుంది.

ప్రశ్న: పాత ఆల్టోకి రబ్బరు బదులు పాలీయూరిథేన్ బుష్‌లు వేస్తే మన్నుతాయా?
– ఓ పాఠకురాలు, మధురవాడ

జవాబు: మన్నిక ఎక్కువే. కానీ అవి గట్టివి కావడంతో రోడ్డు అదురు నేరుగా లోపలికి వస్తుంది. తగిన గ్రీజు పెట్టకపోతే కీచుమంటాయి కూడా. ఇంటి అవసరాలకి తిరిగే బండికి కంపెనీ రబ్బరు బుష్‌లే వేయించండి. ఒక వైపు పోయినా రెండు వైపులా కలిపి మార్పించండి.