ఆకాశం - మీ ప్రశ్నలు: కిరీటంలో నక్షత్రం పేలేదెప్పుడు?

ప్రశ్న: మాష్టారూ, 2024లో పేపర్లలో, టీవీల్లో ఒకటే హడావుడి. కిరీటం ఆకారంలో ఉన్న గుంపులో ఒక నక్షత్రం పేలబోతోందని, 80 ఏళ్లకోసారి మాత్రమే వస్తుందని. నేనూ మా గుంటడూ మేడెక్కి చాలా రాత్రులు చూశాం, ఏమీ కనబడలేదు. అసలు మేం చూసింది కిరీటమో కాదో కూడా తెలీదు. ఇంక ఆశ వదిలేసుకోవాలా?
- ఒక పాఠకుడు, పలాస

జవాబు: వదలొద్దు. 80 ఏళ్లు అన్నది రెండు పేలుళ్ల మధ్య మనం లెక్కేసుకున్న తేడా మాత్రమే. 1866 మే నెలలో ఒకసారి పేలింది, 1946 ఫిబ్రవరిలో మళ్లీ పేలింది. 1946కి ముందు దాని వెలుగు కొంచెం తగ్గింది, 2023లో అలాంటి తగ్గుదలే మళ్లీ కనిపించింది, అందుకని 2024 సెప్టెంబరు లోపు పేలొచ్చన్నారు. ఆ గడువు దాటిపోయింది. తప్పింది అంచనాయే, పేలుడు రాక తప్పదు.

ఎందుకు తప్పదో చెప్తాను. ఉత్తర కిరీటంలో ఉన్న ఈ నక్షత్రం పేరు టి. చూడ్డానికి ఒకటే గానీ అక్కడ ఉన్నవి రెండు: బాగా ఉబ్బిపోయిన ఎర్రటి పెద్ద నక్షత్రం ఒకటి, దాని పక్కనే సుమారు భూమంత సైజులో ఉండి సూర్యుడి కంటే ఎక్కువ బరువున్న శ్వేత కుబ్జం, అంటే ఇంధనం అయిపోయిన నక్షత్రంలో మిగిలిన గట్టి ముద్ద, ఒకటి. సుమారు 228 రోజులకి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగొస్తాయి. పెద్దదాని నుంచి హైడ్రోజన్ లాక్కుని చిన్నది తన ఒంటి మీద పోగేసుకుంటుంది. ఆ పొర మందం పెరిగి, ఒత్తిడి పెరిగి, వేడెక్కి, చివరికి ఒక్కసారిగా అణు చర్యతో అంటుకుంటుంది. పైపొర ఎగిరిపోతుంది, నక్షత్రం మిగులుతుంది, మళ్లీ పోగేయడం మొదలు. నక్షత్రమే మొత్తంగా పేలిపోయే సూపర్‌నోవాలో అయితే ఇలా మళ్లీ మొదలవడానికి ఏమీ మిగలదు. ఇక్కడి నుంచి సుమారు 3000 కాంతి సంవత్సరాల దూరం కాబట్టి మనం చూడబోయే పేలుడు ఎప్పుడో జరిగిపోయింది, వెలుగు దారిలో ఉంది.

నక్షత్రం వెలుగుని మ్యాగ్నిట్యూడ్‌లో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ. మామూలు రోజుల్లో టి 10వ మ్యాగ్నిట్యూడ్, కంటికి ఆనదు. పేలితే 2వ మ్యాగ్నిట్యూడ్ దాకా రావచ్చు, అంటే సుమారు 1600 రెట్లు. గంటల్లోనే పెరుగుతుంది, వారం తిరిగేసరికి మళ్లీ కంటికి కనబడకుండా పోతుంది. అందుకే నేను పదేపదే చెప్పేది, వార్త వచ్చాక వెతుక్కుందాం అనుకోకండి, కిరీటాన్ని ఇప్పుడే గుర్తుపట్టడం నేర్చుకోండి.

సప్తర్షి మండలం తోక ఎటు వంపు తిరిగిందో అటే ముందుకి పోతే నారింజ రంగులో స్వాతి కనబడుతుంది. అక్కడి నుంచి బాగా మెరిసే అభిజిత్ నక్షత్రం వైపు, చెయ్యి చాచి వేళ్లు విప్పితే ఎంత జానెడు వస్తుందో అంత దూరం వెళ్తే అర్ధచంద్రాకారంలో ఏడు నక్షత్రాలు ఉంటాయి. అన్నిట్లోకీ మెరిసేది అల్ఫెక్కా. మే నెలలో రాత్రి తొమ్మిదికి తూర్పు, ఈశాన్యం మధ్యన ఉంటుంది, జూన్ చివర పదింటికల్లా దాదాపు నడినెత్తిన. ధనుర్మాసంలో అయితే తెల్లవారుజామున వాకిట్లో ముగ్గులు వేసే వేళకి తూర్పున వచ్చేసి ఉంటుంది. వంపులో అల్ఫెక్కా తర్వాత అభిజిత్ వైపు లెక్కపెడితే మూడోది ఎప్సిలాన్ అనే నక్షత్రం. దానికి దక్షిణంగా చిటికెనవేలి మందం దూరంలో, వంపుకి బయట, ఈ టి ఉంది. అక్కడ ఏమీ లేకపోవడం మీ కంటికి బాగా అలవాటవ్వాలి.

లెస్లీ పెల్టియర్ అని అమెరికాలో ఒక పల్లెటూరి ఔత్సాహిక పరిశీలకుడు ఉండేవాడు. పాతికేళ్లు దీన్ని వదలకుండా చూశాడు. 1946 ఫిబ్రవరిలో ఒక రాత్రి రెండున్నరకి లేచి, ఆకాశం శుభ్రంగా ఉన్నా జలుబు చేసేలా ఉందని మళ్లీ పడుకున్నాడు. పేలింది ఆ రాత్రే. ఆ పేలుడుని ముందుగా పట్టుకున్నవాళ్లలో ఉక్రెయిన్‌లో ఒక రైల్వే ఉద్యోగి ఉన్నాడు. పలాసలో రాత్రి డ్యూటీలు చేసే రైల్వేవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పక్కర్లేదు, వాళ్లక్కూడా ఈ కిరీటం చూపించండి.

ప్రశ్న: అదే కిరీటంలో ఆర్ అనే ఇంకో నక్షత్రం ఉందనీ, అది పేలకుండా మాయమవుతుందనీ మా ఫిజిక్స్ సార్ చెప్పారు. నక్షత్రం ఎలా మాయమవుతుంది?
- ఇంటర్ విద్యార్థిని, బొబ్బిలి

జవాబు: మీ సార్ చెప్పింది నిజమే, నాకైతే టి కంటే ఆర్ అంటేనే ఎక్కువ ఇష్టం. ఇది వంపుకి లోపల ఉంటుంది. మామూలుగా 6వ మ్యాగ్నిట్యూడ్, చీకటి బాగా ఉన్న ఊళ్లో చూపు మంచిదైతే కంటికే ఆనుతుంది, బైనాక్యులర్‌లో సులువుగా కనబడుతుంది. ఏళ్ల తరబడి అలాగే ఉండి, ఏ లెక్కకీ అందకుండా కొన్ని వారాల్లో 14 దాకా పడిపోగలదు. టి ఎంత పెరుగుతుందో ఇది ఇంచుమించు అంత తగ్గుతుంది, ఒకే కిరీటంలో! 1795లో ఇంగ్లండ్‌కి చెందిన ఎడ్వర్డ్ పిగాట్ ఈ సంగతి గమనించాడు.

ఈ నక్షత్రంలో హైడ్రోజన్ చాలా తక్కువ, హీలియం ఎక్కువ, దాంతోపాటు కార్బన్. అప్పుడప్పుడు కార్బన్‌తో నిండిన వాయువుని బయటికి ఊదుతుంది, అది చల్లబడి మసిగా మారుతుంది. ఆ మసి మేఘం మనవైపు అడ్డం వస్తే, లాంతరు చిమ్నీకి మసి పట్టినట్టు, లోపల దీపం వెలుగుతూనే ఉన్నా మనకి చీకటి. మేఘం చెదిరిపోయాక వెలుగు మెల్లగా తిరిగొస్తుంది. 2007లో మొదలైన మసక అయితే ఏళ్లపాటు వదల్లేదు. బైనాక్యులర్‌తో వంపు లోపల వెతికినప్పుడు అది కనబడకపోతే మీరు తప్పు చూశారనుకోకండి, అదే మసకబారి ఉండొచ్చు.

ప్రశ్న: దక్షిణాన కూడా కిరీటం ఉందటగా, మనకి కనబడుతుందా? టెలిస్కోప్ కొనాలా?
- ఒక పాఠకుడు, కళింగపట్నం

జవాబు: బాగా కనబడుతుంది. లండన్‌వాళ్లకి దక్షిణ కిరీటం దిగంతం దాటి సరిగ్గా పైకి రాదు, మనకి 30 డిగ్రీల పైకే వస్తుంది. ధనుస్సు రాశికి కిందగా, వృశ్చికం తోకకి తూర్పుగా, చిన్న వంపు. ప్రకాశమైనవి కూడా 4వ మ్యాగ్నిట్యూడే కాబట్టి ఊరి లైట్లకి దూరంగా వెళ్లాలి, మీ బీచ్‌లో లైట్లు లేని చోటు సరిపోతుంది. జులై, ఆగస్టుల్లో ముసురు పట్టినా వాన వెలిసిన రాత్రి గాలిలో దుమ్ము ఉండదు, ఆ సందులు వదులుకోకండి. ఇక్కడా ఎప్సిలాన్ అనే నక్షత్రం వెలుగు మారుతుంది. ఒకదాన్నొకటి ఆనుకున్న రెండు నక్షత్రాలు అవి, సుమారు 14 గంటలకి ఒక చుట్టు. ఆర్ అనే పేరుతో ఇక్కడా ఒకటి ఉంది, అది మాత్రం గ్యాస్, ధూళి మధ్య ఇంకా తయారవుతున్న పసి నక్షత్రం.

టెలిస్కోప్ ఇప్పుడే వద్దు. ఒక 7×50 (7 రెట్లు పెద్దగా చూపించే, 50 మి.మీ. కటకాల) బైనాక్యులర్, ఒక నోటుబుక్కు చాలు. వెలుగు మారే నక్షత్రాన్ని పక్కన మారనివాటితో పోల్చి, దీనికంటే ఎక్కువ, దానికంటే తక్కువ అని తేదీ, టైమ్‌తో రాసుకోండి. ఇలాంటి లెక్కలే 1911 నుంచి అమెరికాలోని వేరియబుల్ స్టార్ అబ్జర్వర్ల సంఘం ప్రపంచమంతటి ఔత్సాహికుల దగ్గర తీసుకుంటోంది, మీరూ పంపొచ్చు.