కాల్షియం సీసా పడుతున్నా ఆవు నడక ఎందుకు బాగుపడదు?

ప్రశ్న: హోస్కోటె దగ్గర మాకు ఆరు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాస్ ఆవులున్నాయి. మూడో ఈత ఆవు ఈని నెలన్నరైంది, రోజుకు 22 లీటర్లు ఇస్తోంది. కొన్నాళ్ళుగా కాళ్ళు బిగుసుకుపోయినట్టు నడుస్తోంది, గోడలు నాకుతోంది, దొరికితే ఎముకలు కొరుకుతోంది. ఎముక కరుగుతోందని డాక్టరు గారన్నారు. వరిగడ్డి, నేపియర్ గడ్డి, కొంచెం దాణా పెడుతున్నాం. రోజూ కాల్షియం సీసా పడుతున్నా తగ్గడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు గిట్టలు చూపించండి. ఇంత పాలిచ్చే ఆవుల్లో కుంటడానికి గిట్టల జబ్బే కారణం కావడం చాలా మామూలు. గిట్టలు బాగుంటే డాక్టరు గారి మాట వైపు వెళ్దాం.

ఎముక కరగడమంటే కాల్షియం ఒక్కటే పోవడం కాదు. కోడి కాలి ఎముకను కడిగి నాలుగైదు రోజులు వెనిగర్‌లో నానబెట్టి చూడండి, రబ్బరులా వంగుతుంది. వెనిగర్ ఖనిజాన్ని లాగేసింది. చేతిలో మిగిలింది ముఖ్యంగా కొల్లాజెన్ అనే మాంసకృత్తు. తడికె గోడ చూసే ఉంటారు. కొల్లాజెన్ తడికె, ఖనిజం దాని మీద మెత్తిన మట్టి.

వెనిగర్ మట్టిని కరిగించి ఆగిపోతుంది. ఆవు ఒంట్లో ఎముకను తినే ఆస్టియోక్లాస్ట్ కణాలు తడికెను కూడా వదలవు. ఆ కణం బోర్లించిన గిన్నెలా ఎముకకు అతుక్కుని, అంచులు మూసేసి, లోపలికి ఆమ్లం వదులుతుంది. ఖనిజం కరిగి కొల్లాజెన్ బయటపడుతుంది. కొల్లాజెన్ మూడు పోగులు పేనిన తాడు లాంటిది, మామూలు ఎంజైములకు తెగదు. కాథెప్సిన్ కె అనే ఎంజైము మాత్రం ఆ పులుపులోనే పనిచేస్తూ తాడును ఎక్కడికక్కడ తెంపుతుంది. తెగిన ముక్కలను కణం లోపలికి లాక్కుని వెనక వైపు నుంచి వదిలేస్తే, అవి రక్తంలో కలిసి చివరికి మూత్రంలో పోతాయి. మనుషుల్లో ఎముక అరుగుదలకు చేసే సీటీఎక్స్ పరీక్ష కొలిచేది ఈ ముక్కలనే.

మీ ఆవుకు ఎముక కరిగించుకునే అవసరం ఎందుకొచ్చిందంటే, లీటరు పాలలో దాదాపు 1.2 గ్రాముల కాల్షియం ఉంటుంది. 22 లీటర్లకు రోజూ 26 గ్రాములు. రక్తంలో ఒక్కసారికి తిరిగేది మూడు గ్రాములే. తిండి చాలకపోతే, రక్తంలో కాల్షియం పడిపోకుండా చూసే పారాథైరాయిడ్ హార్మోను ఎముకను తవ్విస్తుంది. ఈనిన కొత్తలో ప్రతి మంచి పాడి ఆవులోనూ కొంత ఇలా జరిగేదే, పాలు తగ్గేకొద్దీ పూడుతుంది కూడా. మీ దగ్గర పూడడానికి సరుకు లేదు. సీసాలోని కాల్షియంతో తడికె అల్లలేం, దానికి మాంసకృత్తులు కావాలి. అల్లాక గట్టిపడాలంటే భాస్వరం, విటమిన్ డి కూడా కావాలి.

ఎముకలు కొరుకుతోందంటే నాకు భాస్వరం లోటు మీదే అనుమానం. వరిగడ్డిలో భాస్వరం తక్కువ. వరిగడ్డి, నేపియర్ రెండింట్లోనూ ఉండే ఆక్సలేట్లు అనే పదార్థాలు కాల్షియాన్ని పట్టేస్తాయి. మీ వైపు రాగి గడ్డి దొరుకుతుంది కదా, వరిగడ్డి తగ్గించి అది పెట్టండి. దాణాలో గోధుమ పొట్టు, వేరుశనగ చెక్క పెంచండి, ఒక్కసారిగా కాకుండా వారం పది రోజుల్లో. భాస్వరం ఉన్న మంచి ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 100 గ్రాముల దాకా కలపండి. రక్తంలో కాల్షియం, భాస్వరం పరీక్ష చేయించండి. అక్కడ కుదరకపోతే బెంగళూరు హెబ్బాళ పశువైద్య కళాశాలలో అడగండి. నడకలో తేడా కనిపించడానికి వారాలు, ఎముక నిండడానికి నెలలు పడుతుంది. ఎముకలు మాత్రం దానికి అందనివ్వకండి, కుళ్ళిన వాటి నుంచి బొట్యులిజం అనే విషజబ్బు సోకితే ఆవు దక్కడం కష్టం.

వచ్చే ఈతకు ముందు, పాలు ఆపిన రెండు నెలల్లో కాల్షియం సీసాలు పట్టకండి. అప్పుడు ఎక్కువ ఇస్తే పారాథైరాయిడ్ హార్మోను మొద్దుబారి, ఈనిన రోజు సమయానికి స్పందించదు. ఈనిన ఒకటి రెండు రోజుల్లో చెవులు చల్లబడి, మెడ పక్కకు తిప్పి పడుకుంటే అది పాల జ్వరం, అంటే రక్తంలో కాల్షియం పడిపోవడం. అప్పుడు నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే డాక్టరును పిలిచి నరానికి కాల్షియం ఎక్కించాలి.