ఖాయ్ దగ్గర మొదలుపెట్టు

చి. సౌ. స్వాతికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

మీ ఊరి లైబ్రరీలో చైనావాళ్ళకి ఇంగ్లీషు నేర్పబోతున్నావని విని చాలా సంతోషపడ్డాను. మొదటి క్లాసులో ఏం చెప్పమంటావని అడిగావు. ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

ఒక్క మాట తీసుకో. ఓపెన్. మొదటి మూడు క్లాసులూ దానికే ఇచ్చినా నష్టం లేదు. అమెరికాలో, ఫ్రీమాంట్‌లో మీ అన్నయ్య దగ్గరున్నప్పుడు నేను చెప్పిన క్లాసుకి మనవల్ని చూసుకోవడానికి వచ్చిన తాతలూ అమ్మమ్మలే ఎక్కువ. మొదటిరోజు చీకటి పడుతుంటే ఒకావిడ "టీచర్, ఓపెన్ ద లైట్" అంది. నేను వెంటనే తప్పు దిద్దాను. ఆవిడ ఆ పూట మళ్ళీ నోరు విప్పలేదు. ఆ సంగతి నన్ను చాలా రోజులు బాధపెట్టింది. నువ్వు అలా చెయ్యకు.

ఆవిడ తప్పు ఎక్కణ్ణించి వచ్చిందో తర్వాత తెలుసుకున్నాను. చైనీస్‌లో ఖాయ్ అని ఒక క్రియ ఉంది. తలుపు ఖాయ్, లైటు ఖాయ్, టీవీ ఖాయ్, కుళాయి ఖాయ్. కారు నడపడం ఖాయ్, మీటింగు పెట్టుకోవడం ఖాయ్, పువ్వు విచ్చుకోవడం ఖాయ్, నీళ్ళు మరగడం కూడా ఖాయే. దీనికి ఎదురుమాట గ్వాన్. తలుపు మూసినా లైటు ఆర్పినా గ్వానే. వాళ్ళకి బడిలో ఖాయ్ అంటే ఓపెన్ అని నేర్పుతారు. ఇంకేముంది, లైటునీ ఓపెన్ చేస్తారు. ఒక పెద్దాయన "మై సన్ ఓపెన్ ద కార్" అంటే కొడుకు కారు తలుపు తీశాడనుకున్నాను. కొడుకే కారు నడిపి తీసుకొచ్చాడని ఆయన చెబుతున్నాడు.

ఇప్పుడు మన తెలుగు సంగతి చూడు. మనం తలుపు వేస్తాం, లైటూ వేస్తాం. తలుపు తీస్తాం, లైటు తీసేస్తాం. అంటే వాళ్ళు తలుపు తెరిచే మాటతో లైటు వెలిగిస్తే, మనం తలుపు మూసే మాటతో వెలిగిస్తాం! తెనాలి హైస్కూల్లో నా పిల్లలు "పుట్ ద ఫ్యాన్, టీచర్" అనేవాళ్ళు. ఈ ముక్క ఫ్రీమాంట్ క్లాసులో బోర్డు మీద బొమ్మ వేసి చెప్పాను. మొదటిరోజు మూగబోయిన ఆవిడ లేచి వచ్చి, నా బొమ్మ పక్కన తన భాషలో తలుపూ దీపమూ రాసి చూపించింది. అప్పట్నించి తప్పు మాట్లాడటానికి ఎవరూ సిగ్గుపడలేదు. నీ భాష కూడా ఇంగ్లీషుకి తేడాగానే నడుస్తుందని వాళ్ళకి ముందు చెప్పు.

ఖాయ్ అక్షరాన్ని కూడా రాయించు. తైవాన్ నుంచి వచ్చినవాళ్ళు పాత పద్ధతిలో రాస్తారు. అందులో రెండు రెక్కల వాకిలి, దాని మధ్య అడ్డగడియ, గడియని ఎత్తుతున్న రెండు చేతులు కనిపిస్తాయి. చైనావాళ్ళు 1956లో వచ్చిన సులభ లిపిలో రాస్తారు, అందులో వాకిలి పోయి గడియా చేతులే మిగిలాయి. హాంకాంగ్ వైపు మాట్లాడే కాంటనీస్ భాషవాళ్ళు అదే అక్షరాన్ని హోయ్ అని పలుకుతారు. గడియ ఎత్తగానే ఆగినది కదులుతుంది, వెలుగైనా బండైనా మీటింగైనా. అదీ ఖాయ్ వెనకున్న ఊహ.

ఇంగ్లీషు ఓపెన్ అంత దూరం పోదు. తెరిస్తే లోపలిది కనపడాలి, లేదా దారి ఏర్పడాలి. తలుపు, పెట్టె, పుస్తకం, నోరు, కళ్ళు, కొట్టు. కరెంటుతో నడిచేదానికీ కుళాయికీ టర్న్ ఆన్. టర్న్ అన్నది కుళాయి తిప్పడంలోంచి వచ్చిందని చేత్తో తిప్పి చూపించు, మరిచిపోరు. ఫోన్ దగ్గర కాసేపు ఆగు. ఫోన్ టర్న్ ఆన్, అందులో యాప్ ఓపెన్. ఒకే వస్తువు మీద రెండూ చేయించవచ్చు. బ్యాంకు ఖాతా ఈ లెక్కకి లొంగదు, దానికీ ఓపెనే అంటారు, దాన్ని విడిగా చెప్పెయ్యి. కారుకి డ్రైవ్, మీటింగుకి హ్యావ్.

తర్వాతి చిక్కు పెద్దది. "లైబ్రరీ ఈజ్ ఓపెన్డ్", "లైబ్రరీ ఈజ్ క్లోజ్" అంటారు. ఇంగ్లీషులో ఉన్న స్థితి చెప్పేటప్పుడు ఓపెన్‌కి చివర డ్ రాదు, క్లోజ్‌కి వస్తుంది. దీన్ని వ్యాకరణంగా చెబితే ఎక్కదు. వాళ్ళ భాషలోనే తాళంచెవి ఉంది. ఖాయ్ జ అంటే తెరిచి ఉంది, ఖాయ్ ల అంటే తెరుచుకుంది. జ ఉన్నచోట ఈజ్ ఓపెన్, తలుపు అప్పుడే తెరుచుకుని ల వచ్చినచోట ఓపెన్డ్. ఆ చివరి డ్ వాళ్ళ నోట పలకదు, ఎందుకంటే చైనీస్ మాటలు డ్‌తో ముగియవు. నిదానంగా చేయించు, తొందరపెట్టకు.

నీ నోటి సంగతి కూడా చూసుకోవాలి. మన ప వాళ్ళ చెవికి బ లాగ వినపడుతుంది. నేను పార్క్ అంటే సగంమంది బార్క్ అని రాసుకున్నారు. మాట మొదట్లో వచ్చే ప కి కాస్త ఊపిరి చేర్చు, పెదవులు కలిపి ఫలం అన్నట్టు.

మనిషి గురించి ఓపెన్ అనే వాడుక చెప్పేటప్పుడు జాగ్రత్త. పెద్ద వయసువాళ్ళకి ఖాయ్ ఫాంగ్ అంటే 1978లో దేశం తలుపులు తెరిచిన సంస్కరణలు గుర్తొస్తాయి. అదే మాట ఆడపిల్ల గురించి అంటే మగవాళ్ళతో కట్టుబాటు లేనిదన్న అర్థం కూడా వస్తుంది. ఇంగ్లీషులో "షి ఈజ్ ఓపెన్" అన్నా వాళ్ళు అలా అనుకునే ప్రమాదం ఉంది. మనసులో మాట దాచుకోని మనిషి అని ముందే విడమర్చి చెప్పు.

క్లాసుకి వేణ్ణీళ్ళ ఫ్లాస్కు పట్టుకెళ్ళు. వాళ్ళలో చాలామంది చన్నీళ్ళు తాగరు, మరిగిన నీళ్ళే తాగుతారు. ఆ నీళ్ళని ఖాయ్ శ్వేయ్ అంటారు. ఫ్లాస్కు మూత తీస్తూ ఓపెన్ అను, లోపలి నీళ్ళని చూపించి బాయిల్డ్ అను. ఒక్కొక్కళ్ళకీ గ్లాసులో పోసి ఇచ్చి, వాళ్ళ చేత కూడా అనిపించు.

మంగళవారం రాత్రి ఫోన్ చెయ్యి. ఎవరేం అన్నారో అన్నీ చెప్పాలి.

మీ పెద్దమ్మ